జనవరి ప్రయాణం

"జనవరిలోనా? ఎడారికా? ఒక్కదానివేనా?"

పక్కింటి బెరిల్ కంచె మీద మోచేతులు ఆనించి నోరు తెరిచింది. ఆస్ట్రేలియాలో జనవరి అంటే నడివేసవి.

"ఈ ఎండలకి బల్లులే బయటికి రావడం లేదు. జూన్ దాకా ఆగవే తల్లీ, చల్లబడుతుంది. నేనూ వస్తా. ఇద్దరం కబుర్లు చెప్పుకుంటూ పోదాం."

"జూన్ కుదరదు. జనవరే," అంది గ్లెనిస్.

"పోనీ మీ తమ్ముడి పెద్ద బండి అడుగు."

"చిన్న కారు అద్దెకి మాట్లాడుకున్నాను. తెల్లది."

"రంగెవరడిగారే!"

గ్లెనిస్ నవ్వింది.

అరవై దాటిన మనిషి. పోర్ట్ పిరీలో ఒంటరి బతుకు. పక్కవీధి దుకాణానికి వెళ్లాలన్నా, గ్యాస్ కట్టానా లేదా అని రెండుసార్లు వెనక్కొచ్చే రకం. అలాంటిది క్రిస్మస్ ముందునుంచీ మ్యాపు ముందేసుకుని కూర్చుంటోంది. పెట్రోలు ఎక్కడ పోయించుకోవాలి, రాత్రికి ఎక్కడ ఆగాలి, తారు రోడ్డు ఏ మలుపు దగ్గర వదలాలి, అన్నీ వేలితో గీసుకుంటూ, తనలో తను గొణుక్కుంటూ.

అంత శ్రద్ధగా దారి చూసుకున్న మనిషి, తీరా సామాను సర్దే వేళకి చిన్నపిల్లయిపోయింది. మూడు సీసాల నీళ్లు. రెండు కమలాపళ్లు. ఒక పొట్లం అల్లం బిస్కెట్లు. కట్టుడుపళ్లతో అవి కొరకడం ఆమె వల్ల కాదు. అయినా కొంది.

బెరిల్ నెత్తీనోరూ కొట్టుకుంది. గ్లెనిస్ వినలేదు.

కొండలు వెనకబడ్డాక నేల చదునైపోయింది. రేడియోలో గరగర తప్ప మాట లేదు. ఎదురుగా వచ్చిన లారీవాడు స్టీరింగు మీంచి ఒక వేలు ఎత్తి పలకరించాడు. ఆ తర్వాత ఆమెను పలకరించినవాళ్లు లేరు. సాయంత్రానికి ఒక పెట్రోలు బంకు తగిలింది. పక్కనే చిన్న హోటలు, నాలుగు గదులు. దాని యజమాని డార్సీ. కిందటి చలికాలంలోనే ఆ వ్యాపారం కొనుక్కుని కొత్తగా వచ్చాడు.

"వెనకాల గది తీసుకో అమ్మా. ఏసీ బాగా పనిచేస్తుంది."

"రోడ్డు వైపు కిటికీ ఉన్న గది లేదా?"

"ఉంది. లారీల మోతకి నిద్ర పట్టదు మరి."

"ఫరవాలేదు బాబూ. అదే ఇవ్వు."

బీట్‌రూట్ వేసిన బర్గర్ అడిగింది. సగం తిని పక్కన పెట్టేసింది. చీకటి పడేదాకా ఆ కిటికీ దగ్గరే కూర్చుంది. రోడ్డు మీద చూడ్డానికేమీ లేదు. అయినా చూస్తూనే ఉంది.

పొద్దున్న ఆమె వెళ్లే దారి విని, కారు చూసి డార్సీ తల పట్టుకున్నాడు.

"స్టెప్నీ ఒక్కటేనా? శాటిలైట్ ఫోను కూడా లేదా? ఉప్పు చెరువు దారికి ఈ బొమ్మకారు వేసుకుని పోతావా? ఇవాళ నలభై ఆరు డిగ్రీలమ్మా!"

"కాస్త దూరం వెళ్లి చూసొస్తాను."

"చూడ్డానికక్కడ నీ మేనత్తలెవరూ లేరు!"

ఎంత చెప్పినా వినకపోయేసరికి, పెద్ద క్యాను నిండా నీళ్లు పట్టి వెనక సీట్లో పెట్టాడు. అతను లోపలికి వెళ్లగానే గ్లెనిస్ దాన్ని రెండు చేతులా ఎత్తి, పంపు వెనకాల నీడలో దించేసి, కారెక్కింది.

మధ్యాహ్నానికి, ఎండిపోయిన వాగు దాటే చోట కారు ఇసకలో దిగబడింది.

ఆమె కంగారుపడలేదు. ముందుకీ వెనక్కీ గుంజి చూడలేదు. చేరాల్సిన చోటికి చేరినట్టే ఇంజను ఆపి దిగింది. కారు నీడ జానెడుంది. అందులోనే ఒదిగి కూర్చుంది. కమలాపండు ఒలుచుకుంది. నీళ్లు తాగింది. కాసేపటికి లేచి, నోటికి చేతులు అడ్డం పెట్టుకుని ఒకసారి గట్టిగా కేకేసింది. ఎంత దూరం వినబడుతుందో చూద్దామన్నట్టు.

ఎవరూ పలకలేదు. పైన గద్ద ఒకటి తిరుగుతోంది. సీసాల్లో నీళ్లు టీ కాచినంత వేడెక్కాయి. పెదాలు పగిలాయి. ఎండ ఉన్నంతసేపూ ఆమె కళ్లు మాత్రం ఎదురుగా ఉన్న ఉప్పు చెరువు మీదే ఉన్నాయి.

పొద్దు వాలుతుండగా దూరాన ఎర్రదుమ్ము లేచింది. డార్సీ జీపు.

పంపు వెనకాల క్యాను కనబడగానే బంకు మూసేసి పరుగున వచ్చాడు. దిగీ దిగకుండానే అరిచాడు.

"నీకు ఒంటిమీద తెలివుందా?"

గ్లెనిస్ తలెత్తి చూసింది. "అప్పుడే వచ్చేశావా?" అంది.

డార్సీ ఆమె పక్కన మోకాళ్ల మీద కూలబడి నీళ్లు తాగించాడు. ఆ తర్వాత గొంతు తగ్గించి అడిగాడు.

"నిజం చెప్పమ్మా. చచ్చిపోదామని వచ్చావా?"

"ఛ, అవేం మాటలు. బెరిల్ కుక్కకి సూది వేయించాలి. తనొక్కత్తే పట్టుకోలేదు."

"మరెందుకు?"

ఆమె మళ్లీ ఉప్పు చెరువు వైపు తిరిగింది.

"ఇంకాసేపు కూర్చోనిస్తావా?"

విసుక్కుంటూనే టోపీ తీసి అతనూ పక్కన కూర్చున్నాడు. ఎండ మెత్తబడింది. పగలంతా కళ్లు పొడిచిన ఉప్పు చెరువు అంచుల్లో గులాబీరంగు తిరిగి, నెమ్మదిగా చెరువంతా అలుముకుంది. ఎక్కడా చప్పుడు లేదు.

"ఇంత బాగుంటుందని ఎవరూ చెప్పలేదు," అంది గ్లెనిస్. ఆ రోజంతటిలో మొదటిసారి ఆమె కళ్లు చెమర్చాయి.

ఆరేళ్ల కిందట జనవరిలో, ఇలాంటి చిన్న తెల్ల కారులోనే, ఇలాగే మూడు సీసాల నీళ్లతో వచ్చి, సరిగ్గా ఇక్కడే దిగబడి, ఐదో రోజుకి గానీ ఎవరి కంటా పడని తన కూతురు టెగన్ ఆఖరిసారి ఏం చూసి ఉంటుందో ఆమెకి ఇవాళే తెలిసింది.