అడవి రక్తం

2006 ఆగస్టులో హైదరాబాద్ నుంచి డాక్టర్ శ్రీదేవి బృందం అశ్వారావుపేట అవతల, అడవి అంచునున్న ఆశ్రమ పాఠశాలకు వచ్చింది. కోయ కుటుంబాల్లో కనిపించే, కీళ్లనొప్పులు తెచ్చే సికిల్ సెల్ అనే రక్తజబ్బు మీద పరిశోధన.

హెడ్మాస్టర్ వెంకటరామారావు రక్తం తీసే శిబిరానికి దగ్గరుండి టెంటు వేయించాడు. కోయల్లోంచి చదువుకుని పైకొచ్చిన మనిషని ఆ చుట్టుపక్కల ఆయనకు గొప్ప పేరు.

"మందుకు బదులు వైరస్ ఎక్కిస్తరట, నిజమేనా మేడం?" మోకాళ్లు నొక్కుకుంటూ అడిగాడు, కోయ కోటాలో కొలువు దొరికిన అటెండర్ బొజ్జయ్య.

శ్రీదేవి నవ్వింది. "ఇప్పుడే కాదు. రెట్రోవైరస్ అని ఒకటుంది. మన కణంలోకి దూరి, తన జన్యువుల్ని మన జన్యువుల మధ్య రాసేసుకుంటుంది. దాని జబ్బుగుణం తీసేసి, దానిచేత మంచి జన్యువును మోయించాలని ల్యాబ్‌లో చూస్తున్నాం. లక్షల ఏళ్ల కిందట అట్లా దూరినవి అందరి రక్తంలోనూ ఉన్నాయి. ఇప్పుడవి మనవే అయిపోయాయి."

"అవ్ మరి! బయటినుంచి వచ్చి, మేమూ మీ ఇంటోళ్లమేనని రాయించుకున్నయన్నమాట," అన్నాడు బొజ్జయ్య.

టీ తాగుతున్న హెడ్మాస్టర్‌కు పొలమారింది. "వాటిని చూస్తే ఎవరి పూర్వీకులు ఎక్కడోళ్లో తెలుస్తదా మేడం?"

"కొంతవరకు తెలుస్తుంది సార్. కొన్ని ఆనవాళ్లు ఒక్కో ప్రాంతం వాళ్లలో ఒక్కోలా ఉంటాయి."

సాయంత్రానికి నూట పది మంది రక్తం ఇచ్చారు. హెడ్మాస్టరూ ఇచ్చాడు, బొజ్జయ్యా ఇచ్చాడు.

మూడు నెలలకు శ్రీదేవి ఫలితాలతో వచ్చింది.

"సార్, మీకు సికిల్ సెల్ ఉంది. ఇవి రోజూ వేసుకోండి," అని హెడ్మాస్టర్ చేతిలో మాత్రలు పెట్టింది. "మీ రక్తంలోని పాత వైరస్ ఆనవాళ్లు ఇక్కడి కుటుంబాలతో సరిగ్గా కలిశాయి."

బొజ్జయ్య వైపు తిరిగింది. "మీకే జబ్బూ లేదు. కాకపోతే మీ ఆనవాళ్లు ఇక్కడివాళ్లతో కలవడం లేదు, కోస్తావాళ్లతో కలుస్తున్నాయి. దీన్నిబట్టి కులం మాత్రం తేల్చకూడదు."

"జబ్బు లేకుంటే గీ కీళ్లనొప్పులేంది మేడం? మా తాత, ముత్తాత ఈ అడవిలనే పుట్టిండ్రు, ఈడనే పోయిండ్రు!"

కులం తేల్చకూడదన్న ఒక్క మాట తప్ప, మిగతాదంతా చీకటి పడేలోపే ఊళ్లో పాకింది. అసలైన అడవి బిడ్డవంటూ కోయ సంఘం వాళ్లు హెడ్మాస్టర్‌కు శాలువా కప్పారు. కుల సర్టిఫికెట్ మీద విచారణకు రమ్మని బొజ్జయ్యకు కాగితం వచ్చింది.

బొజ్జయ్య కుంటుకుంటూ వచ్చి హెడ్మాస్టర్ కాళ్ల మీద పడ్డాడు. "నా నౌకరీ పోతది సార్. నేను దొంగను కానని మీరే చెప్పాలె."

"ఊకో బొజ్జయ్యా. నీ తరఫున నేనొచ్చి మాట్లాడత. అసలు కోయ చెప్తే ఎవరు కాదంటరు?" అన్నాడు హెడ్మాస్టర్, భుజం తట్టి.

బొజ్జయ్య రెండు చేతులెత్తి మొక్కాడు.

శిబిరం రోజు రక్తం సీసాల మీద, తన సీసా మీదా బొజ్జయ్య సీసా మీదా కూడా, పేర్లు రాసి అతికించింది హెడ్మాస్టరే.