అటు మాట ఇటు

హెడ్‌సెట్ తగిలించుకుని, నీళ్ళ గ్లాసు పక్కకు జరిపి, రోజూ చెప్పే నాలుగు ముక్కలూ ఆమె అప్పజెప్పింది.

“నమస్కారమండీ. నేను ఇంటర్‌ప్రెటర్‌ని. మీరు చెప్పింది డాక్టరుగారికి, వారు చెప్పింది మీకు ఉన్నదున్నట్టు చెప్తాను. ఏ మాటా బయటికి పోదు. మొదలుపెడదామా?”

అవతల చప్పుడు లేదు.

“లైన్లో ఉన్నారా అండీ?”

“ఆ... ఉన్నానండి,” అంది మగగొంతు.

ఆమె పెన్ను బల్ల కిందికి దొర్లిపోయింది. వంగి తీసుకోలేదు.

దేశం మారి ఏడాది కావస్తోంది. భర్త వెల్డింగ్ పని కోసం ఇద్దరూ వచ్చారు. సొంతూళ్ళో బడిపిల్లలకు ఈ దేశపు భాషే నేర్పిన టీచరమ్మ, తీరా ఇక్కడికొచ్చాక ఆ భాషకే బెదిరిపోయింది. దుకాణంలో, బస్సులో, అపార్ట్‌మెంట్ మెట్ల మీద, వాళ్ళ వేగం ముందు ఆమె వ్యాకరణం చతికిలబడేది. నలుగురితో మాట్లాడలేక, ఇంట్లో గోడలతో మాట్లాడలేక నలిగిపోతుంటే ఈ దుబాసీ ఉద్యోగం దొరికింది. పడగ్గది మూలనున్న బల్లే ఆఫీసు. కొత్త దేశంలో నోరు విప్పడానికి దొరికిన పని. అదీ తన మాట ఒక్కటీ మాట్లాడకూడని పని.

ఈ ఊరి ఆసుపత్రులకు తెలుగు దుబాసీలు ఇద్దరే. రెండో ఆవిడ వయసులో పెద్దది. పని నేర్పుతూ మొదటిరోజే చెప్పింది.

“మనం మనుషులం కాదమ్మా, గొట్టాలం. అటు పోసింది ఇటు రావాలి. తీపి కలపకూడదు, చేదు వడగట్టకూడదు. కాళ్ళు లాగేస్తున్నాయని మనవాళ్ళంటే, ఎవరు లాగుతున్నారని అడుగుతాడు డాక్టరు. అలాంటివి మాత్రం సర్దుకో.”

పొద్దుటిపూట కాల్స్ ఆ పెద్దావిడవే. మనవరాలికి జ్వరమని ఈవేళ సెలవు పెట్టడంతో ఈమెకు వచ్చిపడ్డాయి. రోగుల పేర్లు దుబాసీలకు చెప్పరు. ఒక నంబరు, ఒక గొంతు. అంతే.

“నొప్పి ఎన్నాళ్ళనుంచి?” డాక్టరు ప్రశ్న ఆమె నోట తెలుగై వెళ్ళింది.

“ఆర్నెల్లనించండి.”

“ఎన్నాళ్ళన్నారు?”

“ఆర్నెల్లు.” అతని గొంతు ఇంకా తగ్గింది. “గ్యాసేమో అనుకున్నానండి. ఓ మాత్ర మింగి పనికి పోయేవాణ్ణి.”

ఆ మాట అటు అందించింది. డాక్టరు కాగితాలు తిరగేస్తున్న చప్పుడు. తర్వాత ఎత్తూ పల్లం లేని గొంతుతో ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. అందులో ప్రతి మాటకూ ఆమెకు అర్థం తెలుసు. ఒకప్పుడు బ్లాక్‌బోర్డు మీద రాసి, పిల్లలచేత పలికించిన మాటలే.

కంప్యూటర్ తెర మీద ఒక ఎర్ర బటన్ ఉంటుంది. దుబాసీకి చేతకాకపోతే అది నొక్కి తప్పుకోవచ్చు. ఆమె వేలు దానిదాకా వెళ్ళింది. నొక్కితే, అందుకోవడానికి ఇవాళ రెండో తెలుగు మనిషి లేదు. భాష తెలియని గదిలో అతను నోరూ చెవులూ లేనివాడిలా మిగిలిపోతాడు.

వేలు వెనక్కి తీసుకుంది.

“స్కాన్‌లో మీ లివర్‌లో గడ్డలు కనిపించాయి,” అంది. “ఒకటి కాదు. ఆపరేషన్ చేసి తీసేసే దశ దాటిపోయింది. మందులతో కొంతకాలం నెట్టుకురావచ్చు. నయం చేస్తానని మాత్రం నేను చెప్పలేను.”

‘నేను’ అనే అనాలి. అది ఉద్యోగ ధర్మం. డాక్టరు నేనన్నా, రోగి నేనన్నా, దుబాసీ నోట అది ‘నేనే’.

అవతల కుర్చీ కిర్రుమంది.

ధైర్యంగా ఉండండి అనో, వేరే పెద్ద డాక్టరుకి చూపిద్దాం అనో, ఏదో ఒకటి అనాలని ఆమె ప్రాణం కొట్టుకుంది. అయినా గొట్టం ఓదారుస్తుందా ఎక్కడైనా?

ఇంట్లో ఎవరుంటారని డాక్టరు అడిగాడు. ఆమె అడిగింది.



“భార్య ఉందండి.”

“ఆవిడకు తెలుసా?”

“తెలియనివ్వలేదండి. నన్ను నమ్ముకుని దేశంగాని దేశం వచ్చింది. ఇప్పుడిప్పుడే కాస్త కుదుటపడుతోంది. ఏ మొహం పెట్టుకుని చెప్పనండి?”

“నా భార్యకు తెలియనివ్వలేదు,” అని ఆమె డాక్టరు భాషలో మొదలుపెట్టింది. సగంలో ఆగింది. గుక్కెడు నీళ్ళు తాగింది. క్షమించమని, మళ్ళీ మొదటినుంచి చెప్పింది. ఈసారి చివరిదాకా వెళ్ళింది.

డాక్టరు మెత్తబడ్డాడు. ఆయన మాటల్ని ఆమె ఒక్కొక్కటే తెలుగులోకి దించింది.

“ఆవిడకు చెప్పండి. ఇది ఒక్కరు మోసే బరువు కాదు.”

“చెప్పినట్టేనండి,” అన్నాడు అతను.

మందుల సంగతి వివరించడానికి నర్సును పిలుచుకొస్తానని, లైన్లోనే ఉండమని చెప్పి డాక్టరు లేచాడు. అడుగుల చప్పుడు దూరమైంది. తలుపు మూసుకుంది.

డాక్టరు గదిలో లేనప్పుడు దుబాసీ రోగితో మాట్లాడకూడదు. ఆమె మాట్లాడలేదు. చెంగు నోట్లో కుక్కుకుని, రెండు చేతులతో మైకు మూసి పట్టుకుంది. ఎంత అదుముకున్నా ఎక్కడో ఓ వెక్కు వేళ్ళ సందులోంచి జారిపోయింది.

“ఏడవకే,” అంది అవతలి గొంతు, “తిన్నగా ఇంటికే వస్తున్నా, తలుపు తీసి ఉంచు.”