గీత ఎత్తేసిన రోజు

బీడులో డ్రోన్లు గడ్డి విత్తనం చల్లాక, మొలకలు తొక్కకుండా గొర్రెల మెడలకు పట్టీలు కట్టారు. కనబడని గీత దగ్గరికి రాగానే పట్టీ జివ్వుమంటుంది, గొర్రె వెనక్కి తిరుగుతుంది. అది చూసి కెంచమ్మ, నడక నేర్చిన కొడుకు ఈరన్న ఎటు తప్పిపోతాడోనన్న భయంతో, ఒక పట్టీ తెచ్చి వాడి మొలతాడుకూ కట్టింది.

వానలకు బీడు నడుమెత్తు పచ్చబడింది. ఈ పొద్దున గీత ఎత్తేశారు. ఇవతల మేయడానికి పరకైనా లేదు. అయినా గొర్రెలు పాత గీత దగ్గరే, డొక్కలు లోపలికిపోయి నిలబడ్డాయి. తరిమితే చెదిరి మళ్లీ అక్కడికే వచ్చాయి. వాటి మధ్యన ఈరన్న కూడా ఆగిపోయాడు.

“సూడమ్మే, నీ కొడుకూ మందలో కలిసినాడు,” అని అత్త నవ్వింది.

కెంచమ్మకు నవ్వు రాలేదు. వంగి, వాడి పట్టీ విప్పింది.

“పో నాయనా, ఏం గాదు.”

చేతులు మాత్రం వాడి భుజాలను వదల్లేదు.

“వాణ్ని ఇడిస్తే కదమ్మే పొయ్యేది!”

వదిలింది. వాడు గడ్డిలోకి ఉరికాడు. ఎప్పుడూ వాడి వెంట తిరిగే గొర్రెపిల్ల వెనకే గెంతింది. పిల్ల కోసం తల్లి, తల్లి వెంట మందంతా కదిలింది.

గడ్డిలో కొడుకు తల కనబడలేదు. పిలవబోయిన కెంచమ్మ, పట్టీని పిడికిట్లో బిగించి, వాడి నవ్వు వినబడేదాకా ఓర్చుకుంది.