చుక్కాని దగ్గర ఎర్ర పగడం

భీమిలి ఎదర సముద్రంలో పగడాలన్నీ చచ్చి సున్నంలా తెల్లబడి చాలా ఏళ్లయింది. ఇప్పుడు రంగులన్నీ టూరిస్టులు డైవింగుకి పెట్టుకునే మాస్కు తెరలోనే. అక్కడ అడుగున మునిగి ఉన్న పాత ఓడకి ఏది చిక్కుకుని ఉన్నా, మాస్కు దాన్ని పగడంగా చూపిస్తుంది. గైడునైనా నా మొహానికీ అదే తగిలించారు.

ఆ పొద్దున ఏడుగురిని ఆ ఓడ దగ్గరికి నీళ్లలోకి దింపాను. పడవెక్కాక తలలు లెక్కపెడితే ఆరే ఉన్నాయి. మళ్లీ లెక్కపెట్టాను.

హైమ మేడమ్ జుట్టు పిండుకుంటూ మురిసిపోతోంది. "ఎల్లాజీ గారూ, చుక్కాని దగ్గర ఆ ఎర్ర పగడం చూశారా? చేతులూపి పిలుస్తున్నట్టే ఊగింది! వీడియో తీశాను. మా ఆయనేరీ? చూపించాలి."

ఆ పగడం నేనూ చూశాను. టైమైపోయింది, ఇక పైకి పదండని బొటనవేలు పైకి చూపించి, అందర్నీ తీసుకొచ్చేశాను.