రెండు పలకలు

భుజాన మోసుకొచ్చిన గురిపలకని ఖాండు ధన్‌మని కెప్టెన్ కాళ్ళ ముందు పడేశాడు.

"చూడరా! కళ్ళున్నాయిగా, చూడు! ఎన్ని చిల్లులున్నాయో! అన్నీ చుట్టులోనే! నన్ను జట్టులోంచి తీసేస్తావా?"

కెప్టెన్ యోన్టెన్ అతనికి మేనల్లుడే. కింది ఊరివాళ్ళతో విలువిద్య పోటీకి ఇంకా మూడు రోజులే ఉంది. మైదానంలో ఉన్న పదిమందీ నవ్వు ఆపుకుంటూ పక్కకి తిరిగారు.

"మావయ్యా, పోయిన వారం ఇక్కడ ఇరవై బాణాలేశావు. ఒక్కటీ తగల్లేదు."

"ఆ రోజు గాలి!"

"మావయ్య బాణానికి పలక భయపడదు గానీ, అడవిపందులు మాత్రం జాగ్రత్తగా ఉండాలి," అన్నాడు వెనకనుంచి ఒకడు.

ఖాండు మొహం ఎర్రబడింది. "నోర్ముయ్! మా మడిలో రోజుకి ఏడో ఎనిమిదో పడుతున్నాయి. మీ అత్తయ్యనడుగు!"

నూట నలభై మీటర్ల అవతల ఉన్న జానెడు వెడల్పు పలకకి బాణం తగిలిందో లేదో వేసినవాడి కంటికి ఆనదు. అవతల నిలబడ్డవాళ్ళు కేకేసి చిందేస్తేనే తెలుస్తుంది. ఇంటి వెనక మడిలో ఆ కేకలు వేసేది అతని భార్య దేమా. బాణాలు పీకి తెచ్చేదీ ఆమే. మోకాలు సహకరించక ఖాండు అంతదూరం నడవడు. పది బాణాలు వేసి, వంటింట్లో కూచుని వెన్న టీ తాగి వచ్చేసరికి అవన్నీ మళ్ళీ అంబులపొదిలో ఉంటాయి.

"అన్ని నియమాలూ పాటించాను," అని అరిచాడు. "ఆడవాళ్ళ చెయ్యి తగిలితే గురి చెడుతుందని మీ అత్తయ్యని విల్లు దగ్గరికి రానివ్వలేదు. మడి అవతలి కొసన పశువులపాకలో వేలాడే, పిల్లనిచ్చిన మామ పాత విల్లు జోలికి కూడా పోవద్దన్నాను. ఇంకేం చెయ్యాలిరా?"

యోన్టెన్ పలకని ఎత్తి నిలబెట్టి, మైదానం ఊడ్చే చీపురులోంచి నాలుగు పుల్లలు లాగి నాలుగు చిల్లుల్లో గుచ్చాడు. నాలుగూ తిన్నగా, బల్లపరుపుగా నిలబడ్డాయి.

నవ్వుతున్నవాళ్ళందరూ చప్పున ఆగిపోయారు. అంత దూరం నుంచి వచ్చే బాణం ఆకాశంలోకి లేచి కిందకి దిగుతూ పలకలో దూరుతుంది. ఆ చిల్లులో గుచ్చిన పుల్ల వాలుగా, తల పైకెత్తి ఉండాలి. చిన్నప్పుడు యోన్టెన్‌కి ఆ సంగతి నేర్పింది ఖాండూయే.

"ఇవి ఎవరో దగ్గర నిలబడి కొట్టిన చిల్లులు, మావయ్యా," అన్నాడు మెల్లగా.

ఆ మెల్లదనమే ఖాండుని ఎక్కువ కాల్చింది. ఒక పుల్ల పీకి గుప్పిట్లో బిగించి, పలకని మళ్ళీ భుజానికెత్తుకుని, కుంటుకుంటూ ఇంటికి నడిచాడు. దారంతా పెళ్ళాన్ని తిడుతూనే ఉన్నాడు.

దేమా గుమ్మంలో కూచుని ఎండుమిరపకాయల తొడిమలు తీస్తోంది.

"నువ్వేనా? చెప్పు! ఈ చిల్లులు నువ్వేనా కొట్టింది?"

ఆమె పలకని చూసింది. బుకాయించలేదు. "నేనే. బాణం ములికి ఆనించి రాయితో కొట్టాను."

"సిగ్గులేదూ? ఊరందరి ముందూ నా పరువు తీశావు!"

"గురి పోయిందని తెలిస్తే ఏం చేస్తానన్నావు? రెండు పలకలూ పీకి పొయ్యిలో పెట్టేస్తానన్నావు కదూ?"

"పెడతాను! అయితే నీకేంటి నష్టం? నీ సొమ్మేం పోయింది?"

దేమా తల వంచి మరో మిరపకాయ తీసుకుంది. అది చూసి అతనికి ఒళ్ళు మండిపోయింది. తెచ్చిన పలకని వాకిట్లోనే గొడ్డలితో రెండు ముక్కలు చేశాడు. ఆమె కదల్లేదు, తొడిమలు తీస్తూనే ఉంది.

"ఇంకోటి మిగిలిందిగా, దాని పనీ చూస్తా," అని పెరట్లోకి బయల్దేరాడు.

అప్పుడు లేచింది దేమా. ఒళ్ళోని మిరపకాయలు గుమ్మమంతా చెల్లాచెదురైపోయాయి.

రెండో పలక మడికి ఇంటివైపు కొసన ఉంది. ఈ ఆటలో ఒకసారి ఇటునుంచి, ఒకసారి అటునుంచి వేస్తారు. మడికి రెండు కొసలా పలకలుండాలి కాబట్టి ఖాండు దాన్ని కూడా పైన్ చెక్కతోనే చెక్కి, సున్నం పూసి, ఎర్రచుట్టు గీసి పాతాడు. అవతలికి నడిచేదీ లేదు, అటునుంచి వేసేదీ లేదు కాబట్టి ఆ పలక అతని బాణం ఒక్కటీ ఎరగదు. ఎండకి బీటలిస్తుందని దేమా దానికి గోనె కప్పి ఉంచింది.

"దాన్ని ముట్టుకోకు!" పరుగెత్తుకొచ్చి అడ్డంగా నిలబడింది. ఆమె గొంతు అంత లేవడం అతను ఎన్నడూ వినలేదు. "ఈ ఇల్లు మా అమ్మ నాకిచ్చింది. ఈ మడి నాది. దాని మీద గొడ్డలి పడిందో, నీ విల్లూ నువ్వూ నడిరోడ్డు మీదుంటారు!"

"చెక్కముక్క కోసం మొగుణ్ణి వెళ్ళగొడతావా?"

"వెళ్ళగొడతాను!"

ఖాండు ఆమెని పక్కకి తోసి గోనె లాగేశాడు.

ఎర్రచుట్టు లోపల రంగన్నదే మిగల్లేదు. చిల్లు పక్కన చిల్లు, చిల్లు మీద చిల్లు.

"దీన్నీ పొడిచావా? దీన్నీ రాయితో కొట్టావా? ఇది ఎవరికి చూపిద్దామని?"

దేమా ఆయాసపడుతూ అతని కళ్ళలోకే చూసింది.

ఖాండు పళ్ళు పటపటా కొరికి, గుప్పిట్లో ఉన్న చీపురుపుల్లని నడిమధ్య చిల్లులోకి కసిగా గుచ్చాడు.

పుల్ల వాలుగా నిలబడింది, తల పైకెత్తి, అవతల పశువులపాక మీది ఆకాశంలోకి చూస్తూ.