రెండో గొంతు

ఖాదర్ వలి హార్మోనియం తెరిచి మైకు ముందు ఒక్కడే కూర్చున్నాడు. ఎమ్మిగనూరు మగ్గాల వీధిలో పొద్దు గూకుతోంది. వినాయకుడి పందిరి కింద జనం కిక్కిరిసి ఉన్నారు గానీ ఎవరూ మాట్లాడటం లేదు. భార్య సుగుణమ్మ పోయాక అతను పాడటం ఇదే మొదలు.

"ఒక పాట పాడి సాలించన్నా. ఎవురూ ఏమనుకోరు," అని పందిరి పెద్ద లక్ష్మప్ప అతని చెవిలో చెప్పి వేదిక దిగిపోయాడు.

ఖాదర్ వలి పాట ఎత్తుకున్నాడు. ఏరు దాటి వెళ్లిపోయిన ప్రియురాలిని ఒడ్డున నిలబడి పిలిచే పాట అది. భార్యాభర్తలిద్దరూ కలిసి కట్టిన మొదటి పాట. అతని చరణం ముగిసింది. జవాబు చరణం సుగుణమ్మది. అక్కడితో ఆపేస్తాడని అందరూ అనుకున్నారు. అతను తల వంచాడు. హార్మోనియం మాత్రం మోగుతూనే ఉంది.

అప్పుడు మైకులో సుగుణమ్మ గొంతు వినిపించింది.

సన్నగా, పాదం చివర కాస్త వణుకుతూ, ఆ ఊరు ఏళ్ల తరబడి విన్న గొంతే. ముందు వరసలో ఒకామె ఒళ్లోని బిడ్డను గట్టిగా అదుముకుంది. లక్ష్మప్ప వేదిక వెనక్కి పోయి టేపురికార్డరు ఏమైనా పెట్టారేమోనని వెతికాడు. ఏమీ లేదు.

పాట అయ్యేసరికి ఖాదర్ వలి చొక్కా చెమటతో తడిసిపోయింది. ఏం జరిగిందని అందరూ చుట్టూ మూగితే ఒకటే మాట అన్నాడు.

"నేను పిలవలేదప్పా. దానంతటదే వచ్చినాది."

ఆదోని జిన్నింగు మిల్లులో పత్తి బేళ్లు మోసే ఖాదర్ వలి, ఎమ్మిగనూరు నేతగాళ్ల పిల్ల సుగుణమ్మ డెబ్బై నాలుగులో ఒక దర్గా ఉరుసులో కలిసి పాడారు. మరుసటి ఏడు పెళ్లి చేసుకున్నారు. ఇరువైపులా గడప తొక్కనివ్వలేదు. పాటే వాళ్లకు కూడు పెట్టింది. అతను మిల్లు మానేశాడు. కౌతాళం నుంచి మాధవరం దాకా ఏ పెళ్లి జరిగినా ఆ జంట ఉండాల్సిందే. అన్నీ ప్రేమ పాటలే. అతను అడగడం, ఆమె జవాబు చెప్పడం. ఇద్దరికీ ఒకటే మైకు. భుజాలు తగిలేంత దగ్గరగా కూర్చునేవాళ్లు. తన వంతు రాగానే ఆమె కొంగు తల మీదికి లాక్కునేది. అతను ఆమె వైపు చూడలేనట్టు హార్మోనియం మీదికి వంగిపోయేవాడు. చూసేవాళ్లకు అది సిగ్గులా ఉండేది, ముచ్చటగా ఉండేది.

వేదిక దిగాక సుగుణమ్మ ఎవరితోనూ మాట్లాడేది కాదు. చేతులు జోడించి నవ్వేది, అంతే. గొంతు కాపాడుకోవాలని ఖాదర్ వలి సర్దిచెప్పేవాడు. అది పొగరని కొందరు చాటుగా అనుకునేవాళ్లు. బళ్లారి నుంచి క్యాసెట్ల వ్యాపారి ఒకడు వచ్చి రికార్డింగుకు రమ్మంటే, జనం ముందు తప్ప పాడబోమని ఖాదర్ వలి అతన్ని తిప్పి పంపాడు. ఎనభై నాలుగు ఎండాకాలంలో విషజ్వరం వచ్చి సుగుణమ్మ పోయింది.

పందిట్లో పాట తరువాత, ఖాదర్ వలి ఒంట్లోకి భార్య చేరిందన్న మాట ఆదోని దాకా పాకింది. ఎదురుపడినవాళ్లు పక్కకు తప్పుకున్నారు. తెలిసినవాళ్లు తాయెత్తు కట్టించుకోమన్నారు. పాడటానికి రమ్మని పిలిచేవాళ్లు మాత్రం మునుపటికన్నా ఎక్కువయ్యారు. అతను ఎవరికీ ఒప్పుకోలేదు. ఇంట్లో ఒంటరిగా ఉన్నప్పుడు కూడా నోరు తెరవాలంటే అతనికి భయం పట్టుకుంది.

ఒక మధ్యాహ్నం ఒక ముసలామె ఆదోనిలో బస్సు దిగి, దారి అడుక్కుంటూ అతని ఇల్లు వెతుక్కుని వచ్చింది. సుగుణమ్మ తల్లి దేవక్క. పెళ్లయినప్పటి నుంచి కూతురి ముఖం చూడనని భీష్మించిన మనిషి. చావుకు కూడా రాలేదు.

అరుగు మీద కూలబడి, వచ్చిన పని నెమ్మదిగా చెప్పింది. వాళ్లు ఎమ్మిగనూరులో ఎప్పుడు పాడినా, తాను జనం వెనక నిలబడి వినేదట. మగ్గం ముందు కూర్చుని ఆ పాటలే కూనిరాగాలు తీసేదట. మొన్న పందిట్లోనూ ఉందట.

"ఒక తూరి అది నన్ను సూసినాది," అంది దేవక్క. "పాట అయినంక ఉరుక్కుంటా వచ్చి నా సెయ్యి పట్టుకొన్యాది. అమ్మా అని ఒక్క మాట అనుంటే ఇంటికి పిల్సుకోని పోదును. అనలేదు. ఊరికే సూస్తా నిలబడినాది. ఇంకా పంతమేనా అని సెయ్యి ఇడిపించుకోని పోతి."

ఖాదర్ వలి తలుపు రెక్క పట్టుకుని నిలబడ్డాడు. ఆ సంగతి అతనికి తెలుసు. ఆ రోజంతా సుగుణమ్మ ఏడుస్తూనే ఉంది.

"అది నీ కాడికి వస్తాదంట గదా నాయనా. ఒక్కసారి పిలువు. నా మీద కోపం పోయిందో లేదో అడుగుతా."

చెప్పాల్సిన మాట అతని నాలుక దాకా వచ్చింది. ఆమె ముఖం చూసి మింగేశాడు.

"ఈడనే కూసో పెద్దమ్మా. లోపలికి మాత్రం రావద్దు."

తలుపు వేసుకున్నాడు. కాసేపటికి లోపల హార్మోనియం మోగింది. ఏటి పాటే, అందులోనూ జవాబు చరణం ఒక్కటే. దేవక్క లేచి రెండు చేతులూ తలుపుకు ఆనించింది. పాట ఆగింది.

"సుగుణా, నా మీద కోపమా?"

లోపల హార్మోనియం మూత పడిన చప్పుడైంది. తరువాత దేవక్కకు కూతురి గొంతు వినిపించింది.

"లేదమ్మా. ఆ పొద్దు నిన్ను పిలుద్దామనే వచ్చినా. గొంతు పెగల్లేదు."

దేవక్క తలుపుకు నుదురు ఆనించి, దుఃఖం తీరేదాకా ఏడ్చింది. ఆపైన కొంగుతో ముఖం తుడుచుకుని, ఇక దాన్ని పిలవొద్దని, నెమ్మదిగా పోనివ్వమని బయటినుంచే అల్లుడికి చెప్పి బస్టాండు వైపు నడిచింది.

ఖాదర్ వలి ఆ తరువాత ఎక్కడా పాడలేదు. హార్మోనియాన్ని మాధవరం భజన జట్టుకు ఇచ్చేసి, మళ్లీ బేళ్లు మొయ్యడానికి పోయాడు. సుగుణమ్మ పాట ఎంత బాగుండేదో జనం చెప్పుకుంటుంటే తల వంచుకుని వినేవాడు. నిజం ఎవరికీ చెప్పలేదు.

పెళ్లయిన ఏడాదికే సుగుణమ్మకు మాట పడిపోయింది. అప్పటి నుంచి ఆ రెండో గొంతు కూడా అతనిదే.