పార్టిషన్ అవతల

హైటెక్ సిటీలో ఆ ఆఫీసుకు కంప్యూటర్ ప్రోగ్రాముల్లో కనిపించే వాక్యాలను తెలుగులోకి మార్చే పని వచ్చింది. అవన్నీ తెల్లవారేలోగా సరిచూస్తేనే నవనీత ఉద్యోగం ఖాయం. ఒకరు తెలుగు వాక్యం పైకి చదవాలి. పార్టిషన్ అవతలివారు ఇంగ్లీషుతో పోల్చి, సరిగ్గా ఉంటే ఊఁ కొట్టాలి, తప్పయితే ఊరుకోవాలి.

అవతల కూర్చునే ఉమాశ్రీ టీకని కిందికెళ్లింది. కాసేపటికి అవతల కుర్చీ కిర్రుమంటే వచ్చేసిందనుకుని నవనీత చదవసాగింది.

"ఫైలు దొరకలేదు."

"ఊఁ."

తప్పు దొర్లినప్పుడల్లా అటువైపు నిశ్శబ్దం. దిద్ది చదివితే మళ్లీ ఊఁ.

ఫోన్ మోగింది.

"నవనీతా, ఉమాశ్రీనమ్మా. లిఫ్టు ఆగిపోయింది, మెట్ల తలుపుకేమో తాళం. గంట నుంచీ గేటు దగ్గరే పడున్నాను."

"మరి గిప్పటిదాకా ఊఁ కొట్టిందెవరక్కా?"

ఉమాశ్రీ నవ్వింది. "నిద్రమత్తు. మొహం కడుక్కో. పని మాత్రం ఆపకు, పొద్దున్నే పంపాలి."

లేచి అటు చూడకుండా నవనీత కుర్చీని తెరకు దగ్గరగా జరుపుకుంది. మిగిలినవన్నీ చదివింది. ప్రతిదానికీ ఊఁ వచ్చింది. ఆఖరి వాక్యమూ అయిపోయింది.

అవతల కుర్చీ మళ్లీ కిర్రుమంది.

"ఇగ?" అన్నది ఆ గొంతు, కథ వింటున్న పిల్లలా.

తెర మీద ఇక వాక్యాలు లేవు. అయినా నవనీత చదువుతూనే ఉంది.